బయటి ముడి, లోపలి ముడి

కాలేజీలో చేరేదాకా నేను గట్టిగా నమ్మిన సంగతి ఒకటుంది. సిపాయి తన పంట్లాం అంచుని బూటు మీదకి లాగి పట్టీతో చుట్టేసుకోవడానికి కారణం, సర్కారువారు అందరికీ ఒకే కొలతకి బట్టలు కుట్టించడమేనని. పొడుగువాడికి సరిపోతుంది, పొట్టివాడికి మిగిలిపోతుంది, మిగిలినదాన్ని ఏం చెయ్యాలో తెలీక కాలికి కట్టేసుకుంటాడు. ఇది ఎవరో చెప్పింది కాదు, నా సొంత పరిశోధన. మా నాన్న రైల్వేలో గార్డు. ఆయన విడిచిన పంట్లాలే నేను తొడిగేవాణ్ణి. ఆయన తాడిచెట్టంత మనిషి. నేను ఆయన నీడలో పెరిగినవాణ్ణే గాని, మధ్యాహ్నపు నీడలో పెరిగినట్టున్నాను. అంచులు మడత మీద మడత పెట్టుకుని కాలేజీకి వెళ్తే, సాయంత్రానికి ఆ మడతల్లో రాయపూర్ దుమ్ము సగం, స్టేషను బొగ్గునుసి సగం ఇంటికొచ్చేవి. సిపాయిలు కూడా నాలాంటివాళ్ళే, కాకపోతే నాకంటే కాస్త బుర్ర ఉండి దోపుకుంటున్నారు అనుకున్నాను. ఇలాంటివి మనసులో అనుకుంటే ప్రమాదం లేదు. నేను పోయి పోయి దాన్ని బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చిన మా చిన్నాన్నకి వినిపించాను.

ఇదంతా మళ్ళీ గుర్తు రావడానికి కారణం మొన్న చలికాలంలో రాయపూర్ వెళ్ళడం. మా చెల్లెలు భవాని దేవేంద్రనగర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. నేను వెళ్ళిన రోజే దాని మనవడు ఎక్కడికో బయల్దేరుతూ, ఒంటినిండా జేబులే ఉన్న పంట్లాం ఒకటి తొడుక్కుని, అంచుల్ని ఎత్తు బూట్లలోకి దోపుకుంటున్నాడు. "ఎందుకురా అలా దోపావు?" అనడిగాను. "లుక్ కోసం తాతా" అన్నాడు. ఆ ఒక్క మాటకి నా పిక్కల మీద ఏదో పాకినట్టయింది. ఆ వయసులో అదే జవాబు నేనూ ఇచ్చాను, దాని ఖరీదు నాకు తెలుసు. అలవాటుకొద్దీ కిటికీలోంచి మామిడిచెట్టు కోసం చూశాను. నాలుగో అంతస్తు, తులసి కుండీ తప్ప మరేం లేదు. కుర్రాడు బతికిపోయాడు. ఆ చూపులోనే కిటికీ తెర కంటబడింది. ఫ్యాను గిర్రున తిరుగుతున్నా అది కదలడంలేదు. అంచు పట్టుకుని ఎత్తితే లోపల గలగలమంది.

"అవి చిన్నాన్నవే అన్నయ్యా" అంది భవాని. "పిన్ని తన గుమ్మం తెర నాకిచ్చింది కదా. తెర ఎప్పుడో చివికిపోయింది. లోపలి గొలుసులు తీసి దీనికి కుట్టీసేను. గాలికి ఎగరదు."

సైకిలు చెయిను ముక్కలు అవి. తుప్పుకూడా పట్టలేదు. చిన్నాన్న ఉన్న ఇంట్లో దేనికీ తుప్పు పట్టే స్వేచ్ఛ ఉండేది కాదు.

మా క్వార్టరు గుఢియారీ వైపు, పట్టాలకి అవతల ఉండేది. రెండు గదులు, ముందు వసారా, వెనక బొగ్గుల పొయ్యి. చుట్టూ బొబ్బిలి, పార్వతీపురం, పలాసల నుంచి వచ్చిన మనవాళ్ళు, మధ్యమధ్య అక్కడి ఛత్తీస్‌గఢీ కుటుంబాలు. మా వసారాలో తెల్లవారగానే మూడు వాసనలు కలిసి లేచేవి. బొగ్గు పొగ, గంజి వార్పు, బూటు పాలిషు. మొదటి రెండూ అమ్మవి, మూడోది పిన్నిది. పార్వతి పిన్ని చిన్నాన్న భార్య. పిల్లలు లేరు. చిన్నాన్న బూట్లే ఆవిడ చంటిపిల్లలు. వాటికి నలుగు పెట్టినట్టు పాలిషు పెట్టి, గుడ్డతో ఒళ్ళు తుడిచి, చెక్కపీట మీద పడుకోబెట్టేది. మేమందరం చాపల మీద, కింద. "ఈ కొంపలో నేల మీద పడుకోనివి ఆ బూట్లొక్కటేనే" అనేది మా అమ్మ, చిన్నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు.

చిన్నాన్న పేరు సూర్నారాయణ. యుద్ధంలో నాయక్‌గా చేసి వచ్చి, రైల్వే గూడ్సు షెడ్డు కాపలాదళంలో జమేదారు అయ్యాడు. కాలనీ అంతా జమేదారనే పిలిచేది, మా నాన్నతో సహా. నాన్నకి అన్నగారి పెద్దరికం ఉండేది గాని, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. తమ్ముడు కేకలేస్తే పచ్చజెండా మడుచుకుని బండెక్కేసేవాడు. "వాడు బర్మా నుంచి ప్రాణాలతో వచ్చేడు, ఊరుకోండి" అనేవాడు. ప్రాణాలు తెచ్చుకున్నవాడు మా ప్రాణాలు ఎందుకు తియ్యాలో అడగడానికి మాలో ఎవరికీ హోదా చాలలేదు.

డ్యూటీకి వెళ్ళేముందు ఇంట్లో ఉన్న ఒకే ఒక కుర్చీలో ఆయన కూర్చునేవాడు. పిన్ని నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని బూట్లు తొడిగేది. తర్వాత పంట్లాం అంచుని బూటు పైభాగం మీదకి లాగి, దాని మీద బెత్తెడు వెడల్పు ఉన్ని పట్టీని చీలమండ చుట్టూ చుట్ట మీద చుట్ట వేసి, చివరన ఉన్న నాడాతో ముడి వేసేది. ఆ పైన, పంట్లాం లోపల, చెయిను ముక్కల వలయం ఒకటి వేలాడేది. దాని బరువుకి గుడ్డ పట్టీ మీదకి దిగి గుండ్రంగా నిలబడేది. మా ఇంట్లో ఇద్దరికీ పట్టీలుండేవి. పిన్ని వెండి పట్టీలు మోగేవి. చిన్నాన్న ఉన్ని పట్టీలు మోగించేవి, సరిగ్గా చుట్టకపోతే.

కాలేజీలో కేడెట్ల దళం పెట్టిన కొత్తల్లో నేనూ చేరాను. కారణం దేశభక్తి అని చెప్పుకోవచ్చు. అసలు కారణం, వాళ్ళు కొత్త పంట్లాం ఇచ్చారు. నా కొలతకి కుట్టింది, నాన్న మోకాళ్ళ గుర్తులు లేనిది. బూట్లు, పట్టీలు కూడా ఇచ్చారు. వాటిని మేళం కట్టుకున్నట్టు కట్టుకుని వసారాలోకి వచ్చి చిన్నాన్న ముందు నిలబడ్డాను.

ఆయన పైనుంచి కిందకి చూశాడు. "ఒరే సింహాచలం, ఈ పట్టీ ఎందుకు కడతారో తెలుసేటి?"

నేను నా పొడుగు పొట్టి సిద్ధాంతం వివరించాను. ఆయన నవ్వలేదు. దాంతో ధైర్యం వచ్చి, "అందంగా కూడా ఉంటుంది చిన్నాన్నా" అన్నాను.

"అందమా! రా, చూపిస్తాను."

క్వార్టర్ల వెనక మామిడిచెట్టు ఒకటుండేది. ఆకుల్ని కలిపి బంతుల్లా గూళ్ళు అల్లుకునే ఎర్రచీమలు దానినిండా ఉండేవి. అక్కడివాళ్ళు వాటిని మాటా అంటారు. మా చిన్నాన్న నోటి మాటా, ఆ చెట్టు మీది మాటా ఒక్కలాగే కుట్టేవి. నన్ను చెట్టుకింద నిలబెట్టి, నా పట్టీలు రెండూ ఊడదీయించి, "సావధాన్!" అని అరిచాడు. నేను బిగుసుకుపోయాను. ఆయన కర్రతో ఒక గూడు తెంపి నా బూట్ల మధ్య పడేశాడు. "కదిలావంటే ఇంకోటి తెంపుతా."

అవి పంట్లాం లోపల ఏ దారిన ఎంతెత్తు ఎక్కాయో రాయడానికి ఈ వయసులో కూడా నాకు సిగ్గు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే ఎదురుగా పట్టాల మీద ఆగివున్న వ్యాగన్లు కరిగిపోతున్నట్టు కనబడ్డాయి. కుళాయి దగ్గర నీళ్ళు పడుతున్న ముసలామె ఒకతె "కా హోగే గా?" అంటూ దగ్గరకొచ్చింది, ఏమైందయ్యా అని. చిన్నాన్న "పాఠం నేర్చుకుంటున్నాడు" అని హిందీలో చెప్పి ఆమెని పంపేశాడు. చాలాసేపటికి "విశ్రామ్" అన్నాడు. నేను పంట్లాం విప్పుకుంటూ పరిగెత్తిన పరుగు కాలనీలో చాలాకాలం చెప్పుకున్నారు.

"ఇవి చీమలు. కుడితే తెలుస్తాది" అన్నాడు సాయంత్రం, నేను కొబ్బరినూనె రాసుకుంటుంటే. "అక్కడ జలగలు. పట్టినట్టే తెలీదు. నడిచి నడిచి బూటు విప్పితే లోపల చెమటనుకుంటావు. చూస్తే రక్తం. అందుకురా పట్టీ. కిందనుంచి ఏదీ లోపలికి రానివ్వదు. అర్థమైందా?" అర్థమైంది. అంతేకాదు, నన్ను మనిషిగా లెక్కపెట్టి యుద్ధరహస్యం చెప్పాడని పొంగిపోయాను కూడా. ఒళ్ళంతా దద్దుర్లతో పొంగడమే కాక మనసు కూడా పొంగిన మూర్ఖుణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

అలా పాఠాలు సాగాయి. పట్టీ పైన పంట్లాం ఎందుకు సంచిలా వదులుగా వేలాడాలి? ఒకరోజు నా పంట్లాం కిందికి బిగలాగి, వదులన్నది లేకుండా పట్టీలు కట్టి, కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా బిందెలతో ఉన్న వేళ చూసి, "బైఠ్!" అన్నాడు. గొంతుక్కూర్చున్నాను. వెనక కుట్టు ఆ చివరినుంచి ఈ చివరిదాకా పోయింది. "మోకాలు వంగాలంటే గుడ్డ ఎక్కణ్ణించో రావాలి కదరా. కింద దాచుకోకపోతే వెనకాల్నించి తీసుకుంటాది" అన్నాడు. బిందెలు కూడా నవ్వాయి. "నీ పేరులో సింహం ఎక్కడా కనబడదురా. ఉన్నదల్లా అచలమే" అని కూడా అన్నాడు. చలనం లేనివాణ్ణని. ఆ మాట బాగుందని నేను కూడా నవ్వాను. మాటల మీద మోజు నాకు అప్పటికే ఉంది, అవి ఎవరి మీద పడుతున్నాయన్న పట్టింపు లేదు.

బూటుతాడు సంగతి మాత్రం ఆయన నవ్వించకుండా చెప్పాడు. నేను కత్తెరలా అటూ ఇటూ ఎక్కించుకున్నదాన్ని లాగి పారేసి, నిచ్చెన మెట్లలా అడ్డంగా ఎక్కించాడు. "కాలికి దెబ్బ తగిల్తే ఉబ్బుతాది. బూటు రాదు. అడ్డంగా ఉంటే మధ్యలో కత్తి పెట్టి ఒక్క గీత, అన్ని మెట్లూ తెగుతాయి, బూటు విచ్చుకుంటాది." బర్మాలో తనతోబాటు పనిచేసిన మద్రాసు కుర్రాడొకడికి అలాగే కోశాను అన్నాడు. "వచ్చిందా చిన్నాన్నా?" అన్నాను. "వచ్చింది. పాదం కూడా దాంతోనే వచ్చీసింది" అని పకపకా నవ్వాడు. పిన్ని చేతిలో పాలిషు గుడ్డ ఆగిపోయింది. ఆ నవ్వు ఎలాంటిదో నేను ఇన్నేళ్ళు ఆలోచించాను. ఏడుపు మింగితే అలా వస్తుందని కొందరంటారు. అయివుండచ్చు. కానీ మింగినవాడు తర్వాత దాన్ని ఎవరి మీద ఉమ్ముతున్నాడో కూడా చూడాలి కదా.

ఆ ఏడు వానాకాలం ముందునుంచీ కాలేజీలో ఒకటే గోల. నాగపూర్ నుంచి పెద్ద అధికారి వస్తాడు, కవాతు చూస్తాడు, బాగా చేసినవాళ్ళని శిబిరానికి ఎంపిక చేస్తాడు, శిబిరంలో నెగ్గితే సైన్యంలో ఆఫీసరు పరీక్షకి దారి. నాన్నకి నేను రైల్వేలో గుమాస్తా కావాలని ఉండేది. నాకు ఆ రెండు గదుల్లోంచి, నాన్న పంట్లాల్లోంచి, బయటపడాలని ఉండేది. దానికి నాకు కనిపించిన గుమ్మం ఒక్కటే, ఆ శిబిరం. అన్నం తింటూ కూడా కుడి ఎడమ లెక్కపెట్టుకునేవాణ్ణి.

అప్పుడే ఒక ముసురు రోజున చిన్నాన్న డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చేశాడు. మోకాలి దగ్గర పంట్లాం చిరిగి బురదై ఉంది. పట్టీ ముడి ఎప్పుడూ కాలికి బయటివైపు పడాలి. లోపలివైపు పడితే రెండో బూటు మేకు ఆ నాడాకి తగులుకుంటుంది, ఊడుతుంది, ఊడినదాన్ని మనమే తొక్కి పడతాం. ఆ ఉదయం పిన్నికి జ్వరం. ముడి లోపలికి పడింది. గూడ్సు షెడ్డు ముందు, కింది జవాన్ల ఎదట, జమేదారుగారు బోర్లా పడ్డారు.

ఆయన కేకలు వెయ్యలేదు. కుర్చీలో కూర్చోలేదు. "పార్వతీ, చెయ్యి నేల మీద పెట్టు" అన్నాడు మామూలుగా, మంచినీళ్ళడిగినట్టు. ఆవిడ పెట్టింది. మేకుల బూటు మడమ ఆ వేళ్ళ మీద పెట్టి నెమ్మదిగా బరువు వేశాడు. "ఇది లోపల" అన్నాడు. కాలు తీసి బొటనవేలి వైపు మళ్ళీ పెట్టాడు. "ఇది బయట. చెప్పు. లోపలేది? బయటేది?"

పిన్ని చెప్పింది. పెదాలు మాత్రమే కదిలాయి. మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడి చీరకొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న ఇంట్లోనే ఉన్నాడు, అన్నం ముందు. కలుపుతూనే ఉన్నాడు. నాకు ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు, చిన్నాన్న మోకాలి కింద రెండు చేతులూ వేసి పైకి ఎత్తేశాను. ఆయన తూలి గోడకి ఆనుకున్నాడు. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు.

"అరే శాబాష్" అన్నాడు. "సింహం లేచిందే." చిరునవ్వు నవ్వి, గొడుగు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పిన్ని రెండు వేళ్ళ గోళ్ళు నల్లబడి ఊడిపోయాయి. కొత్తవి వచ్చాయి గాని వేళ్ళు మాత్రం తిన్నగా వంగలేదు. భవానికి జడ వెయ్యడం మానేసింది. "తప్పు నాదే కదురా, ముడి లోపలికేసీసేను" అనేది, నేను వేడినీళ్ళ గుడ్డ కట్టబోతే. చిన్నాన్న ఆ రోజునుంచీ నాతో ప్రేమగా ఉన్నాడు. కవాతు దగ్గరుండి నేర్పాడు. చెయ్యి ఎంత ఎత్తు ఊగాలో, మడమ ఎలా నేలకి తాకించాలో. నేనేమనుకున్నానంటే, ఎదురు తిరిగినవాడంటే సైనికుడికి గౌరవం ఉంటుందని. ఇలాంటివి ఎక్కడ చదివానో గాని, అలా రాసినవాణ్ణి ఇప్పుడు పట్టుకోవాలనుంది.

ఎంపిక రోజు పొద్దున్న ఆయన నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదలు. "ఇవాళ నేనే కడతాను" అని నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. జమేదారు నా కాళ్ళ దగ్గర! నాకు కళ్ళు చెమర్చాయి. వంగి చూడబోతే, "కట్టేవాడికేసి చూడకూడదు. సిపాయి ఎదర చూడాలి" అన్నాడు. ఎదర చూశాను. ఎదర గుమ్మం దగ్గర పిన్ని నిలబడి ఉంది. తల అడ్డంగా ఒకసారి ఊపింది. వద్దు వద్దు అన్నట్టు. వేళ్ళు సలుపుతున్నాయి కాబోలు పాపం అనుకున్నాను.

పోలీసు మైదానంలో సన్నగా చినుకు. అధికారి గొడుగు కింద నిలబడ్డాడు. మా వరస ఆయన ఎదుటికి వచ్చేసరికి నా ఎడమకాలి దగ్గర ఏదో వదిలినట్టయింది. లోపలివైపు. కిందకి చూడకూడదు కనక చూడలేదు. కుడి బూటు ఆ నాడాని తొక్కింది, ఎడమ కాలు లేవలేదు, నేను మాత్రం ముందుకే వెళ్ళాను. ముఖం నేలని తాకింది. వెనక వరస ఆగలేక నా మీంచి నడిచింది. ముందుపన్ను ఒకటి ఆ మైదానంలోనే ఉండిపోయింది. దేశానికి నేనిచ్చింది అదొక్కటే. అధికారి వంగి నా పట్టీ పట్టుకుని చూసి, "ముడి లోపల వేసుకునేవాడు సైన్యానికి బరువు" అని ఇంగ్లీషులో అన్నాడు. పేరు కొట్టేశారు.

కంచె అవతల చిన్నాన్న నిలబడి ఉన్నాడు. నోటినిండా రక్తంతో నేను వెళ్తే, నా భుజం మీద చెయ్యేసి, ఎవరికీ వినబడకుండా, "ఇప్పుడు తెలిసిందేటి, లోపలేదో బయటేదో?" అన్నాడు. ఆ సాయంత్రం గుఢియారీ టీకొట్టులో ఆయన నా పడటాన్ని నటించి చూపిస్తే జనం కింద పడి నవ్వారట. నెల తిరక్కుండా నాన్న నన్ను రైల్వే ఆఫీసులో బల్ల ముందు కూర్చోబెట్టాడు. జీవితమంతా అక్కడే కూర్చున్నాను. కూర్చునే ఉద్యోగం కాబట్టి పంట్లాం ఎలా వేసుకున్నా ఎవరికీ పట్టలేదు.

ఆ రోజులు మంచివని నాతోటివాళ్ళు అంటుంటారు. పెద్దలంటే భయం, భక్తి ఉండేవంటారు. భయం ఉండేది, నేను సాక్షిని. భవాని మనవడు తాత అడిగితే 'లుక్ కోసం' అని ముఖం మీదే చెప్పి, బండి తాళాలు ఊపుకుంటూ వెళ్ళిపోతాడు. వాడి బూట్లు గుమ్మం దగ్గర ఒకటి తూర్పు, ఒకటి పడమర పడి ఉంటాయి. వాడి పెళ్ళాం రేపు వాటిని తుడవదు, తుడవమంటే వాణ్ణే తుడిచేస్తుంది. వాడికి కారణాలేవీ తెలీవు. మాకు ప్రతిదానికీ కారణం తెలుసు. పట్టీకి, ముడికి, బూటుతాడుకి. కాళ్ళకి సంబంధించినంతవరకు మేము మహాపండితులం. ఆ కాలు ఎవరిమీద పెడుతున్నారన్నదానికి మాత్రం ఎవరూ కారణం అడగలేదు.

ఏడాది తిరిగి మళ్ళీ జెండా పండగ వచ్చింది. యుద్ధం చేసివచ్చిన పాతవాళ్ళని వరసగా నిలబెట్టి శాలువాలు కప్పుతారని కబురొచ్చింది. నాగపూర్ నుంచి అదే అధికారి. చిన్నాన్న పతకాలు తీసి పిన్ని చేత తోమించాడు. ఆ పొద్దున్న కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపాడు. పిన్ని పట్టీ పట్టుకుంది గాని ఆ రెండు వేళ్ళూ నాడాని బిగించలేకపోయాయి. ఆయన పళ్ళు కొరికి పైకి చూసేసరికి గుమ్మంలో నేనున్నాను.

"నేను కడతాను చిన్నాన్నా" అన్నాను.

నన్ను కాసేపు చూశాడు. "ముడి ఎటో తెలుసా?"

"మీరు నేర్పిందే కదా."

నిజాయితీగా కట్టాను. బూటుతాడు నిచ్చెన మెట్లలా. మోకాలు వంగడానికి చాలినంత వదులు. ముడి కచ్చితంగా బయటికి, పడిపోకుండా. ఆయన పడకూడదు, అదే నాకు కావలసింది. పట్టీ మాత్రం ఒక చుట్టు ఎక్కువ బిగించాను. ఉన్ని తడిస్తే ఇంకా బిగుస్తుందని కూడా ఆయన నేర్పిందే, బయట చినుకు పడుతూనే ఉంది. అంతకుముందే, చెయిను వలయాలు పంట్లాం అంచులోంచి లోపలికి ఎక్కించేటప్పుడు, వాటితోబాటు ఒక్కో కాల్లోనూ తడి కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి పెట్టాను. పొద్దున్నే మామిడిచెట్టు దగ్గరికి వెళ్ళొచ్చాను. చిన్న గూళ్ళే. నాలుగడుగులు వేస్తే చెయిను దెబ్బకి తడికాగితం చిరిగిపోతుంది. ఆయన వంగి చూడబోయాడు. "సిపాయి ఎదర చూడాలి చిన్నాన్నా" అన్నాను. ఎదర చూశాడు.

కిందనుంచి ఏదీ లోపలికి రానివ్వని పట్టీ, లోపలున్నదాన్ని కిందకి పోనివ్వదు కూడా. ఈ సంగతి ఆయన పాఠంలో లేదు. ఇది కూడా నా సొంత పరిశోధన. మొదటిదానికంటే బాగా కుదిరింది.

కంచె అవతల నిలబడి చూశాను. మైదానంలోకి నడుస్తూ ఉండగానే ఆయన మెడ నరం ఒకటి లేచింది. "సావధాన్" అని కేక వినబడింది. వరసంతా బిగుసుకుంది. అధికారి ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పేరడిగి, రెండు మాటలాడి, శాలువా కప్పుతూ, తీరుబడిగా వస్తున్నాడు. చిన్నాన్న వరసలో చివరివాడు. కదిలితే ఊరి ముందు పరువు పోతుంది, కదలకపోతే ఒళ్ళు. ఆయన ఒళ్ళునే ఇచ్చాడు. చెంపల మీద నీళ్ళు ధారగా కారాయి గాని కనురెప్ప కదపలేదు. అధికారి అది చూసి చలించిపోయాడట. దేశం కోసం కన్నీరు పెట్టే సైనికుణ్ణి చూశానని సభలో చెప్పి, ఆయన గురించే ఎక్కువసేపు మాట్లాడాడు. అంతసేపూ ఆయన నిలబడే ఉన్నాడు. పేరు నాదే గాని, ఆ పూట అచలం ఆయనే.

ఇంటికి రిక్షాలో వచ్చాడు. శాలువా కింద ఒళ్ళు వణుకుతోంది. ఎవరితోనూ మాట్లాడకుండా కుర్చీలో కూలబడి, "విప్పు, విప్పు, తొందరగా" అని కాళ్ళు చాపాడు. పిన్ని వచ్చి నేల మీద కూర్చుంది. పంట్లాం మీద చెయ్యి వెయ్యగానే గుడ్డ వెనక ఏదో మసలడం ఆవిడ అరచేతికి తగిలినట్టుంది. అలాగే ఆగింది. తలెత్తి నాకేసి చూసింది. మళ్ళీ దించుకుంది. నాడా తడిసి బిగుసుకుపోయింది. ఆ వంకరవేళ్ళతో దాన్ని పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంది. జమేదారుగారు కుర్చీ చేతుల్ని పిసుకుతూ ఏడుస్తున్నారు.

"కదలకండి" అంది పిన్ని, చంటిపిల్లాడికి చెప్పినట్టు. "నా వేళ్ళు వంగవు కదండీ, నెమ్మది మీద రావాల." ఇంకోసారి నాడాని తడిమి చూసి, తలెత్తకుండానే అడిగింది: "ఏటండీ, ముడి లోపలుందా, బయటుందా? మీరే చెప్పాలి. నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు."